పాత బంగారు నాణేనికి గ్రేడింగ్ సర్టిఫికెట్: దరఖాస్తు ఎలా చేయాలి?

పాత బంగారు నాణెం గురించి తేల్చుకోవలసినవి రెండు. అది ఏ స్థితిలో ఉంది? అలాంటివి ఇంకా ఎన్ని మిగిలి ఉన్నాయి? మొదటి ప్రశ్నకు గ్రేడింగ్ సంస్థ, అంటే నాణెం అసలైనదో కాదో చూసి దాని స్థితికి అంకె (గ్రేడు) ఇచ్చే సంస్థ, సూటిగా జవాబు చెబుతుంది. రెండో ప్రశ్నకు అది ఇవ్వగలిగేది సగం జవాబే. మిగతా సగం దరఖాస్తుదారే వెతుక్కోవాలి. ఈ తేడా తెలియకుండా రుసుము కట్టినవారే ఎక్కువగా నిరాశపడతారు.

ఈ రంగంలో బాగా పేరున్నవి అమెరికా సంస్థలైన పీసీజీఎస్ (1986లో పని మొదలుపెట్టింది), ఎన్‌జీసీ (1987). రెండూ 1 నుంచి 70 వరకు ఉండే కొలమానాన్ని వాడతాయి. 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత పెద్ద రాగి సెంటు నాణేల కోసం రూపొందించిన పద్ధతి దీనికి మూలం. 60, ఆపైన వస్తే నాణెంపై వాడకం వల్ల వచ్చిన అరుగుదల లేదని అర్థం. 58 అంటే ఎత్తయిన చోట్ల మాత్రమే కాస్త అరిగినది. 20 నుంచి 35 వరకు అయితే అరుగుదల స్పష్టంగా కనిపిస్తుంది, అయినా ముఖ్యమైన వివరాలు నిలిచే ఉంటాయి.

దరఖాస్తుకు ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నాణేన్ని కడగవద్దు, తోమవద్దు, గుడ్డతో తుడవవద్దు. బంగారం మెత్తని లోహం. ఒక్కసారి రుద్దినా సన్నని గీతలు పడతాయి, దీపం కింద వాలుగా తిప్పి చూస్తే అవి బయటపడతాయి. అలా శుభ్రం చేసిన నాణేనికీ, గొలుసుకు తగిలించడానికి అంచున కొక్కెం అతికించి తీసేసిన నాణేనికీ సాధారణంగా అంకె ఇవ్వరు. అసలైనదేనని ధ్రువీకరించి, లోపం ఏమిటో రాసి ‘డీటెయిల్స్’ అనే ముద్రతో తిప్పి పంపుతారు. ఒకసారి పడిన ఆ గీతలను ఎవరూ చెరపలేరు.

తర్వాత బరువు, వ్యాసం కొలవాలి. సావరిన్ అనే బ్రిటిష్ బంగారు నాణేన్నే తీసుకుందాం. ప్రామాణిక బరువు 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, లోహం 22 క్యారెట్లు. దారంతో కట్టి నీటిలో వేలాడదీసి మళ్లీ తూచితే బరువు సుమారు 0.45 గ్రాములు తగ్గాలి. అంతకన్నా బాగా ఎక్కువ తగ్గితే లోహంలో బంగారం పాలు తక్కువని అనుమానించాలి. అయితే టంగ్‌స్టన్ సాంద్రత మేలిమి బంగారానికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్మకూడదు. అంచు చుట్టూ పోత అతుకు గీత, బొమ్మ, అక్షరాలు లేని చదును భాగంలో చిన్న చిన్న బొడిపెలు, మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తే నకిలీ కావచ్చు.

అరుగుదలకూ బలహీనమైన ముద్రకూ తేడా మెరుపులో తెలుస్తుంది. అచ్చు సరిగా పడని చోట వివరాలు మసకగా ఉన్నా సహజమైన మెరుపు నిలిచే ఉంటుంది. అరిగిన చోట మెరుపు పోయి రంగు మారుతుంది. సావరిన్‌కు ఒకవైపు ఉండే రాజు చెంప, రెండోవైపు ఉండే గుర్రం భుజం వంటి ఎత్తయిన భాగాలను భూతద్దంతో చూస్తే ఇది అర్థమవుతుంది.

ఇక ఫారం. సంస్థలో సభ్యత్వం తీసుకుని నేరుగా పంపవచ్చు, లేదా అధీకృత డీలరు ద్వారా పంపవచ్చు. ప్రతి నాణేనికి దేశం, సంవత్సరం, ముఖవిలువ, టంకశాల గుర్తు (ఏ టంకశాలలో ముద్రించారో చెప్పే చిన్న అక్షరం) రాయాలి. ప్రత్యేకమైన అచ్చు రకాన్ని గుర్తించమని అడగాలంటే సాధారణంగా దానికి వేరే గడి, వేరే రుసుము ఉంటాయి. నాణెం ఎంత ధర చేస్తుందని మీరు ఫారంలో రాస్తారో ఆ ప్రకటిత విలువను బట్టి సేవా శ్రేణి, బీమా నిర్ణయమవుతాయి. రుసుము మిగులుతుందని విలువ తగ్గించి రాస్తే, దారిలో నాణెం పోయినప్పుడు పరిహారమూ ఆ మేరకే అందుతుంది.

పంపే ముందు రెండు వైపులా, అంచునూ ఫోటో తీసి, బరువు రాసి పెట్టుకోవాలి. పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) లేని మెత్తని కవరులో ఒక్కో నాణేన్ని విడిగా ఉంచాలి. పీవీసీ కాలక్రమంలో నాణెంపై పచ్చని జిగురు వదులుతుంది. ఫారం ప్రతిని దగ్గర ఉంచుకుని, పార్సిల్ పైన నాణేలని రాయకుండా బీమాతో పంపాలి. పాత నాణేలను దేశం దాటించడంపై చాలా దేశాల్లో ఆంక్షలున్నాయి. మీ దేశపు పురావస్తు, కస్టమ్స్ నిబంధనలు చూడకుండా విదేశాలకు పంపవద్దు.

అరుదైనదో కాదో తేల్చడం ఇంకా ఓపిక కోరే పని. తాము గ్రేడు చేసిన నాణేలెన్నో సంస్థలు పట్టికగా ప్రచురిస్తాయి. కానీ ఒకే నాణెం రెండుసార్లు వచ్చినా రెండుగా లెక్కపడవచ్చు, అసలు పంపని నాణేలు ఆ లెక్కలోకే రావు. టంకశాల ముద్రించిన సంఖ్యా పూర్తి నిజం చెప్పదు. 1917లో లండన్‌లో 10 లక్షలకు పైగా సావరిన్లు ముద్రించారు, అయినా అది నేడు అరుదైన నాణెం, చాలావరకు కరిగిపోయాయి. అదే ఏడాది ఆస్ట్రేలియా టంకశాలల సావరిన్లు మాత్రం తరచుగా దొరుకుతాయి. తేడా చెప్పేది గుర్రం కాళ్ల కింది నేలగీతపై, సంవత్సరానికి పైన ఉండే చిన్న అక్షరం: సిడ్నీకి ఎస్, మెల్‌బోర్న్‌కు ఎం, పెర్త్‌కు పి. లండన్ నాణేనికి ఏ అక్షరమూ ఉండదు. ఆ అక్షరాన్ని గీకి తీసేస్తే మామూలు నాణెం అరుదైనదిగా కనిపిస్తుంది కనుక, ఆ చోటును భూతద్దంతో తప్పక చూడాలి. పాత వేలాల రికార్డుల్లో అదే సంవత్సరం, అదే టంకశాల, అదే గ్రేడు ఎంత తరచుగా వచ్చిందో చూడటం పట్టికకన్నా నమ్మదగిన ఆధారం.

నాణెం తిరిగి వచ్చాక, సంస్థ దాన్ని మూసి పంపే గట్టి ప్లాస్టిక్ పెట్టెపై ఉన్న సర్టిఫికెట్ నంబరును సంస్థ వెబ్‌సైటులో సరిచూడండి. అక్కడ ఫోటో ఉంటే మీ నాణెంతో పోల్చండి, ఎందుకంటే పెట్టెలకూ నకిలీలున్నాయి. గ్రేడు నచ్చకపోతే మళ్లీ పరిశీలించమని దరఖాస్తు చేసుకోవచ్చు, దానికి పెట్టెను పగలగొట్టకుండా ఉన్నది ఉన్నట్టే పంపండి.