అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంటే

సమస్య: మెయింటెనెన్స్ ఫ్లాటుకి ఇంత అని సమానంగా వేయాలా, చదరపు అడుగుల లెక్కన వేయాలా అని ఎవరో వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. సాయంత్రానికి రెండొందల మెసేజీలు. తీరా చూస్తే అభిప్రాయాలు రెండే. మిగతావన్నీ "కరెక్ట్ సార్", "నేను మొన్నే చెప్పా", దండం బొమ్మలు.

ముందు ఇది చూడండి: పైకి వెళ్లి మొదటి మెసేజ్ చదవండి. ఎవరు తేలుస్తారు, ఏ తేదీలోగా తేలుస్తారు అన్నది అందులో ఉందా? చాలా గ్రూపుల్లో ఉండదు. అది చూడకుండానే "అడ్మిన్లు మాత్రమే" అని తాళం వేసేస్తారు. గొడవ లిఫ్టులోకి మారుతుంది, తాళం తీసిన రోజు మళ్లీ గ్రూపులోకి వస్తుంది. బైలాస్‌లో, అంటే అసోసియేషన్ నియమాల్లో, ఈ సంగతి ముందే రాసి ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి, సగం చర్చ అక్కడే ఆగుతుంది.

కారణం: ఒప్పుకోలు కూడా మెసేజే అవుతోంది.
పరిష్కారం: పోల్ పెట్టండి. ఒకటికి మించి ఎంచుకునే వీలు ఆపేయండి. భార్యాభర్తలిద్దరూ నొక్కుతారు కాబట్టి ఓట్లు ఫ్లాట్ల వారీగా లెక్కపెట్టండి.

అసలు కారణం: వేరే మాటని అదే మాట అనుకోవడం. చాలామందికి దొరకనిది ఇదే, నాకు చేతులు కాలింది కూడా ఇక్కడే. గ్రౌండ్ ఫ్లోర్ పెద్దాయన "సమానంగా వేస్తే ఎలా?" అంటారు. "అంటే మీరూ చదరపు అడుగుల వైపే కదండీ" అని సెక్రటరీ ఆయన్ని ఆ లెక్కలో కలిపేస్తాడు. ఆయన అనేది అది కాదు. తను ఎక్కని లిఫ్టు ఖర్చు తన వాటాలోంచి తీసేయమంటున్నారు. పోల్‌లో దానికి చోటే లేదు. మర్నాడు మళ్లీ రాస్తారు, కాస్త పొడుగ్గా. ఆ మర్నాడు నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్. అప్పటికి గ్రూపంతా ఆయనది చాదస్తమని తేల్చేస్తుంది.

పరిష్కారం: పదే పదే రాస్తున్నవాళ్లకి ఫోన్ చేసి, "సార్, మీరనేది ఇదేనా?" అని ఒక్క వాక్యం చదివి వినిపించండి. కాదంటే మార్చండి. ఔనన్నాక వచ్చిన అభిప్రాయాలన్నీ ఒకే మెసేజ్‌లో ఒక్కో వాక్యంగా రాసి, పక్కన ఫ్లాట్ నంబర్లు వేసి, 30 రోజులకి పిన్ చేయండి. వాళ్ల మాటలే వాడండి, మీ భాషలోకి దిద్దొద్దు. "లిఫ్టు ఖర్చు" అన్నదాన్ని "ఇతర అంశాలు" చేశారంటే మళ్లీ మొదటికే వస్తుంది. ఎవరైనా అదే మళ్లీ రాస్తే వాదించొద్దు, పిన్ చేసిన మెసేజ్‌కి రిప్లై కొట్టి "మూడో పాయింట్, మీ ఫ్లాట్ నంబర్ ఉంది" అనండి. కొత్త ముక్క ఏదైనా ఉంటే చేర్చండి.

పనిగట్టుకుని రెచ్చగొట్టేవాళ్లు అరుదు. అడ్మిన్‌కి ఎవరి మెసేజైనా తీసేసే వీలుంది, తీసేయండి.