దగ్గే మనిషి ఉన్న గదిలో గాలి ఎలా ఆడాలి

మా మామయ్యకు ఊపిరితిత్తుల టీబీ అని తేలినప్పుడు మాది రెండు గదుల ఇల్లు. దోమలొస్తాయని కిటికీలు మూసేసేదాన్ని. అదే తప్పు. దగ్గితే పెద్ద తుంపరలు కింద పడతాయి, సన్నవి మూసిన గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటాయి.

ఎదురెదురు కిటికీలు తెరవండి, దోమలకు మెష్ కొట్టించండి. మంచం గాలి బయటికి పోయే వైపు వేయండి. టేబుల్ ఫ్యాన్ కిటికీ వైపు తిప్పండి. మేం మొదట ఆయన వెనక పెట్టి దగ్గంతా వంటింట్లోకి తోలాం! స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది, దాన్ని నమ్ముకోవద్దు.

మాస్క్ ముందు దగ్గే మనిషికి. కళ్లె మూత డబ్బాలోకి. కంచం, గ్లాసు వేరు చేయక్కర్లేదు, టీబీ వాటితో అంటదు. మా అత్తయ్య వినలేదనుకోండి. డాక్టరు రాసిన 6 నెలల మందులు మాత్రం ఒక్కరోజూ మాననివ్వలేదు.