నేల కింద కరెంటు హీటింగ్ ఉంటే పైన ఏం పరవాలి?

బ్రిటన్‌లో ఇల్లు కొని వంటగదిలో హీటింగ్ మ్యాట్ (జాలీకి అంటించిన, వేడెక్కే కరెంటు కేబుల్) వేయించుకునేవాళ్ళు పైన పరిచేదాన్ని రంగు చూసి ఎంచుకుంటారు. ముందు చూడాల్సింది అది వేడిని ఎంత అడ్డుకుంటుందన్నది. ఫ్లోరింగ్, దాని కింద పరిచే పొర (అండర్‌లే) కలిపి 1.5 టాగ్ (వేడిని అడ్డుకునే గుణానికి కొలత) దాటకుండా చూసుకోండి.

పసుపు, నూనె, నీళ్ళు నిత్యం ఒలికే మన వంటగదికి పోర్సలీన్ టైల్‌ను మించింది లేదు. అది పీల్చే నీరు 0.5 శాతం లోపే, వేడి సులువుగా పైకొస్తుంది. పసుపు మరక పట్టేది టైల్‌కి కాదు, టైల్స్ మధ్య సందుల్ని నింపే గ్రౌట్‌కి. అక్కడ రెసిన్‌తో చేసిన ఎపాక్సీ గ్రౌట్ వాడండి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ కూడా బాగుంటుంది. అయితే 20 మిల్లీమీటర్ల పలక వేడెక్కడానికి టైల్ కన్నా ఎక్కువసేపు పడుతుంది. చెక్క దూలాల నేలైతే బరువు కూడా లెక్కేయించాలి.

చెక్కే కావాలంటే ఇంజినీర్డ్ ఓక్ (ప్లైవుడ్ లాంటి పొరల మీద ఓక్ చెక్క అంటించినది) తీసుకోండి, బీచ్, మేపుల్ వద్దు. తేమ మారితే అవి ఎక్కువగా ఉబ్బుతాయి, కుంచించుకుపోతాయి. చెక్కకీ వినైల్‌కీ సాధారణంగా పై ఉపరితలం 27 డిగ్రీలు దాటకూడదు. అందుకే నేల సెన్సర్ ఉన్న థర్మోస్టాట్ తప్పనిసరి. మందపాటి తివాచీ పరిస్తే సెన్సర్‌కి తెలియకుండానే దాని కింద వేడి పేరుకుని చెక్క వంగుతుంది. వినైల్ కింద కేబుల్ గీతలు పైకి కనబడకుండా 10 మిల్లీమీటర్ల లెవెలింగ్ కాంపౌండ్ (నేలని చదును చేసే మిశ్రమం) పోయించండి.

టైల్ పని ఇలా చేయించండి. కాంక్రీటు నేల మీద ముందు 10 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ బోర్డు వేయాలి. లేకపోతే వేడి కిందికే పోతుంది. మ్యాట్ తిప్పేటప్పుడు జాలీని మాత్రమే కత్తిరించాలి, కేబుల్ జోలికి పోకూడదు. గోడకి బిగించిన అల్మారాల కిందా, నేలకి ఆనుకునే పూజామందిరం కిందా మ్యాట్ వద్దు. మ్యాట్ విప్పకముందు, పరిచాక, టైల్స్ వేశాక, మూడుసార్లు కేబుల్ రెసిస్టెన్స్ కొలిచి లేబుల్‌తో పోల్చండి. చదరపు మీటరుకి 150 వాట్ల మ్యాట్ 4 చదరపు మీటర్లుంటే 600 వాట్లు, 230 వోల్టుల మీద సుమారు 88 ఓమ్‌లు రావాలి. అంతులేని రెసిస్టెన్స్ చూపిస్తే కేబుల్ తెగినట్టే. టైల్స్ వేయకముందే అది తెలియడం ఎంతో మేలు. కనెక్షన్ అర్హత ఉన్న ఎలక్ట్రీషియనే ఇవ్వాలి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే పరికరం) ఉండాలి.

మ్యాట్లు కాలిపోవడానికి ఒక ముఖ్య కారణం అంటించే పనిలో తొందర. ఎస్1 రకం ఫ్లెక్సిబుల్ అడ్హెసివ్‌ని ఖాళీ లేకుండా పూర్తిగా పరచాలి. నాలుగు మూలలా ముద్దలు పెట్టి టైల్ నొక్కితే మధ్యలో గాలి నిలుస్తుంది, అక్కడ వేడి బయటికి పోలేక కేబుల్ మాడుతుంది. కేబుల్ చివరి జాయింటు కూడా అడ్హెసివ్‌లో మునగాలి. గోడల వెంట సన్న సందు వదిలి సిలికాన్‌తో నింపండి. వేడికి సాగే నేలకి ఆ చోటు కావాలి.

అడ్హెసివ్ తొందరగా ఆరాలని హీటింగ్ వేయకండి, గట్టిపడకముందే నీరు ఇంకిపోయి పట్టు పోతుంది. తయారీదారు చెప్పినన్ని రోజులు, తక్కువలో తక్కువ వారం ఆగి, ఆపైన రోజుకి కొన్ని డిగ్రీల చొప్పున పెంచండి.