ఫ్రిజ్ బోర్డు పోయిందన్నారా? విప్పి చూద్దాం

గాలివాన వెలిసి కరెంటు వచ్చిన రాత్రి వీధిలో అందరి ఇళ్లూ వెలిగాయి, మా అత్తగారి ఫ్రిజ్ మాత్రం లేవలేదు. లైటు లేదు, డిస్‌ప్లే లేదు, చప్పుడు లేదు. పొద్దున వచ్చిన మెకానిక్ వెనక మూత కూడా విప్పకుండా "బోర్డు పోయిందమ్మా, నాలుగున్నర వేలవుతుంది" అని చెప్పి వెళ్లిపోయాడు. "బాబూ, పెరుగంతా పులిసిపోతోంది" అని ఆవిడ ఫోన్. వెళ్లి విప్పాను. అతను చెప్పింది నిజమే, పోయింది బోర్డే, అంటే ఫ్రిజ్‌ని నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్. కాకపోతే బోర్డు మొత్తం కాదు, దాని మీద రెండు పార్టులు. రెండూ కలిపి ముప్ఫై రూపాయలు.

అలాగని ప్రతిసారీ బోర్డే అనుకోకండి. నా లెక్కలో బోర్డు ఆఖరి అనుమానం. అసలు మీ ఫ్రిజ్‌లో బోర్డు ఉందో లేదో ముందు చూసుకోండి. గుండ్రటి నాబ్ తిప్పే పాత సింగిల్ డోర్ వాటిలో చాలావరకు ఉండదు, థర్మోస్టాట్, రిలే, ఓవర్‌లోడ్ అంతే. ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోర్, ఇన్వర్టర్ కంప్రెసర్ అని రాసి ఉంటే చాలావరకు బోర్డు ఉంటుంది, వెనక పైన గానీ కింద కంప్రెసర్ పక్కన గానీ ప్లాస్టిక్ మూత కింద.

వారంటీ కార్డు కూడా ఒకసారి తీయండి. కంప్రెసర్‌కి పదేళ్లు ఉండి, మీరు చెయ్యి పెట్టడం వల్ల ఆ వారంటీ కాస్తా పోతే బాధగా ఉంటుంది.

ఇంకో మాట, ఇది సరదాకి చెప్పడం లేదు. 230 వోల్టుల కరెంటు బోర్డులో డీసీ అయ్యాక పెద్ద కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు నిలబడతాయి, ప్లగ్ పీకిన తర్వాత కూడా కాసేపు ఉంటాయి. పది నిమిషాలు ఆగండి, ఆగాక కూడా మీటర్ పెట్టి చూసుకోండి, ఇంకా ఉంటే పాత గుండ్రటి బల్బు పెట్టిన హోల్డర్ వైర్లు ఆ కెపాసిటర్ కాళ్లకి తగిలించి దించేయండి. స్క్రూడ్రైవర్‌తో టపీమనిపించే పద్ధతి మానేయండి. కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్600ఏ గ్యాస్ వాడుతున్నారు, అది మండే గ్యాస్. అందుకే సోల్డరింగ్ ఫ్రిజ్ పక్కన కాదు, బోర్డు విప్పి టేబుల్ మీద పెట్టుకుని చేయాలి. మల్టీమీటర్ పట్టడం రాకపోతే ఇక్కడితో ఆగి, తెలిసినవాళ్లని పిలవండి, తప్పేం లేదు.

సరే. లైటు వెలుగుతోంది, కానీ కూలింగ్ లేదు, లేదా కింద కూరగాయలు గడ్డకట్టేస్తున్నాయి అంటే ముందు లోపలి చల్లదనాన్ని కొలిచే సెన్సర్లు చూడండి. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా, రెండు సన్నటి వైర్లతో ఉంటుంది, బోర్డు దానిమీదే ఆధారపడి కంప్రెసర్‌ని నడుపుతుంది. బోర్డు దగ్గర ఆ కనెక్టర్ పీకి మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టండి. ఎక్కువగా కనపడేవి 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లవి, 5 కిలో ఓమ్‌లవి కూడా ఉంటాయి. బయటికి తీయగలిగితే స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు నిండా వేసి కాసిని నీళ్లు పోసి సెన్సర్ తల ముంచండి. రీడింగ్ మెల్లగా ఎక్కుతుంది, 10, 14, 19, అలా ఎక్కుతూ 10 కిలోలది అయితే 30 దగ్గరకొచ్చి నిలబడుతుంది. తీసి గుప్పిట్లో పట్టుకుంటే మళ్లీ దిగాలి. మధ్యలో ఎగిరెగిరి పడుతున్నా, ఒక్కచోటే బిగుసుకుని ఉన్నా సెన్సరే పోయింది, బోర్డుని తిట్టకండి. లోపలికి తేమ దూరి ఇలా అవడం నేను చాలాసార్లు చూశాను.

ఫ్రీజర్ వెనక గోడ ఐసుతో నిండిపోయి కింద చల్లదనం రాకపోతే డీఫ్రాస్ట్ వైపు, అంటే ఆ ఐసుని కరిగించే హీటర్ వైపు చూడండి. 150, 200 వాట్ల హీటర్ అయితే 250 నుంచి 350 ఓమ్‌ల మధ్య చూపించాలి, ఏమీ చూపించకపోతే తెగిందన్నమాట. ఇక్కడ చాలామంది బోల్తా పడేది బైమెటల్ దగ్గర, అంటే చలిని బట్టి హీటర్‌కి కరెంటు కలిపే స్విచ్చి దగ్గర: అది బయట గది వేడిలో ఓపెన్‌గానే ఉంటుంది, గడ్డకట్టే చలిలోనే కలుస్తుంది. బయట పెట్టి చూసి "పోయింది" అనేస్తే బాగున్నదాన్ని పారేసినట్టే.

ఇవన్నీ బాగున్నాయి, లేదా మా అత్తయ్యగారి ఫ్రిజ్‌లా పూర్తిగా చచ్చి పడుంది, సాకెట్‌లో కరెంటు ఉంది, ప్లగ్ వైరు తెగలేదు. అప్పుడు బోర్డు. విప్పేముందు కనెక్టర్లన్నీ కనపడేలా ఫోన్‌లో ఫొటో తీయండి, నాలుగు వైపుల నుంచీ. తీయకపోతే తర్వాత మీకే తెలుస్తుంది.

ముందు కళ్లతో చూడండి. మన ఇళ్లలో బోర్డు దగ్గర వెచ్చగా ఉంటుందని బల్లులు, బొద్దింకలు చేరతాయి. ఒకసారి రెండు పిన్నుల మధ్య ఎండిపోయిన బల్లి అడ్డంగా దొరికింది. అలాంటిదేదైనా ఉంటే తీసేసి, పాత టూత్‌బ్రష్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది రుద్ది, బాగా ఆరనివ్వండి, కొన్నిసార్లు పని అంతటితో అయిపోతుంది. తర్వాత కెపాసిటర్ల నెత్తి చూడండి, చదునుగా ఉండాలి, ఉబ్బితే మార్చాలి. అదే మైక్రోఫారడ్ విలువ, వోల్టేజీ అంతే గానీ ఎక్కువ గానీ, 105 డిగ్రీలు అని రాసి ఉన్నది తెచ్చుకోండి. బోర్డు వెనక్కి తిప్పి రిలే కాళ్ల చుట్టూ సన్నటి ఉంగరంలాంటి పగులు ఉందేమో టార్చి వేసి చూడండి, ఉంటే తగరం మళ్లీ వేయాలి.

మా అత్తయ్యగారి బోర్డులో ఫ్యూజు నల్లబడి ఉంది, దాని పక్కన నీలం బిళ్ల రెండు ముక్కలైంది. ఆ బిళ్ల పేరు ఎంఓవీ. వాళ్ల వీధిలో గాలికి స్తంభం మీద న్యూట్రల్ తెగింది. అలా తెగితే వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు 415 వోల్టుల మధ్య ఒకదానికొకటి సిరీస్‌లో పడతాయి, తక్కువ సామాను నడిచే ఇంటికి ఎక్కువ వోల్టేజీ వస్తుంది. 471 అని రాసి ఉండే ఎంఓవీ ఇళ్ల కరెంటులో 300 వోల్టుల వరకు ఊరుకుంటుంది, బాగా దాటితే కరెంటంతా తనలోంచి లాగి ఫ్యూజుని ఎగరగొడుతుంది. అంటే అది చచ్చి ఫ్రిజ్‌ని బతికించింది. "స్టెబిలైజర్ అక్కర్లేదు" స్టిక్కర్ ఉన్నా ఇలాంటి దెబ్బకి అది పనికిరాదు.

ఎంఓవీ పేలి ఫ్యూజు పోయినంత మాత్రాన కొత్త ఫ్యూజు వేసేసి ప్లగ్ పెట్టకండి. పెద్ద కెపాసిటర్ రెండు కాళ్ల మధ్యా, కరెంటుని డీసీ చేసే బ్రిడ్జ్ డయోడ్ల మీదా షార్ట్ ఉందేమో చూడండి. షార్ట్ ఉంటే డయోడ్లో, పవర్ ఐసీనో కూడా పోయాయి. లేకపోతే మీ అదృష్టం బాగుంది. అదే విలువ ఫ్యూజు, అదే నంబరు ఎంఓవీ వేయండి, రాగి తీగ చుట్టే తెలివితేటలు వద్దు. నేను కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చాను, ఏ ఊళ్లోనైనా టీవీ రిపేరు షాపు వాళ్ల దగ్గర దొరుకుతాయి.

మొదటిసారి కరెంటు ఇచ్చేది సిరీస్ బల్బుతోనే, అంటే బోర్డుకి వెళ్లే ఫేజు వైరు మధ్యలో ఒక బల్బు పెట్టి, కంప్రెసర్ కనెక్టర్ పీకేసి. అరవై వాట్ల పాత గుండ్రటి బల్బు, ఎల్‌ఈడీ పనికిరాదు. మెరిసి వెంటనే మసకబారితే బాగున్నట్టు, నిండుగా వెలుగుతూ ఉంటే ఇంకా షార్ట్ ఉన్నట్టు. మసకబారాక చెయ్యి తగలకుండా కొలవండి: పెద్ద కెపాసిటర్ మీద 300 పైన, తక్కువ వోల్టేజీ ఉండే రెండో వైపు సాధారణంగా 12 వోల్టులు, 7805 అనే 5 వోల్టులిచ్చే మూడు కాళ్ల ఐసీ ఉంటే దాని మూడో కాలు దగ్గర 5. నల్ల ప్రోబు ఎప్పుడూ మీరు కొలుస్తున్న వైపు మైనస్‌కే, ఫ్రిజ్ బాడీకి కాదు. 12 ఉండి 5 లేకపోతే ముందు 7805ని అనుమానించండి.

12, 5 రెండూ ఉన్నా బోర్డులో కదలిక లేకపోతే, లేదా బోర్డు మొత్తం జిగురులో ముంచేసి ఉంటే నేనైతే కొత్తది కొంటాను. ప్రాసెసర్ పోతే అందులో ఉండే ప్రోగ్రామ్ మనకి దొరకదు. ఇన్వర్టర్ బోర్డు మారుస్తుంటే మాత్రం ముందు కంప్రెసర్ మూడు పిన్నులూ రెండేసి చొప్పున కొలవండి, మూడు రీడింగులూ దాదాపు ఒకటే రావాలి, పిన్నుకీ బాడీకీ మధ్య ఏమీ చూపించకూడదు. తేడా ఉంటే కంప్రెసరే పోయింది, దాని మీద కొత్త బోర్డు పెడితే అది కూడా పోతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్‌కి నేరుగా 230 ఇచ్చి పరీక్ష చేయడం అసలు వద్దు.

అన్నీ బిగించి బల్బు తీసేసి ప్లగ్ పెట్టాక వెంటనే చప్పుడు రాకపోతే టెన్షన్ పడకండి, చాలా ఫ్రిజ్‌లు కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి గానీ కంప్రెసర్ మొదలుపెట్టవు. మా అత్తయ్యగారు ఆ నిమిషాలన్నీ ఫ్రిజ్ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. అది బుర్రుమన్నాక నేను బోర్డు మూతకున్న వైరు సందుల్లో దోమతెర ముక్కలు కుక్కి టేపు వేశాను, ఈసారి బల్లులు రాకుండా.