లెట్రోజోలా, క్లోమిఫీనా, ఇంజెక్షనా: చీటీ చదివే పద్ధతి

సంతానం కోసం రాసే హార్మోన్ మందుల్లో ఏది "పవర్" ఎక్కువ అని అడిగేవాళ్లే ఎక్కువ. ముందు అడగాల్సింది, ఆ మందు ఎక్కడ పనిచేస్తుందని.

క్లోమిఫీన్, లెట్రోజోల్ రెండూ మాత్రలే. నెలసరి 2–5 రోజుల మధ్య మొదలుపెట్టి ఐదు రోజులు వేసుకుంటారు. రెండింటి వల్లా ఒంట్లో ఈస్ట్రోజన్ తగ్గిందని మెదడు అనుకుని, అండాన్ని పెంచే హార్మోన్ అయిన ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా వదులుతుంది. క్లోమిఫీన్ (మొదట 50 మి.గ్రా.) ఈస్ట్రోజన్ అతుక్కునే చోట్లను తానే పట్టుకుని చాలా రోజులు వదలదు. అందుకే కొందరిలో ఫాలికల్ (అండం పెరిగే నీటి సంచి) చక్కగా 20 మి.మీ. పెరిగినా గర్భాశయం లోపలి పొర 5–6 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. చూపు మసకబారినా, కళ్ల ముందు మెరుపులు కనిపించినా మాత్ర ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి.

లెట్రోజోల్ (2.5 నుంచి 7.5 మి.గ్రా.) ఈస్ట్రోజన్ తయారీనే కొన్నాళ్లు తగ్గిస్తుంది, త్వరగా ఒంట్లోంచి పోతుంది. పొర మళ్లీ అందుకుంటుంది, ఎక్కువమందిలో ఒక్క ఫాలికలే పెరుగుతుంది. పీసీఓడీ ఉన్న 750 మందితో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో లెట్రోజోల్‌తో 27.5 శాతం మందికి, క్లోమిఫీన్‌తో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. పీసీఓడీ ఉన్నవాళ్లకు మొదట ఇదే రాయడానికి కారణం అదే. పెట్టెలోని కాగితంలో రొమ్ము క్యాన్సర్ అని ఉంటుంది, కంగారుపడొద్దు. ఆ మందు మొదట వచ్చింది దానికోసమే. మనదేశంలో 2011లో సంతాన చికిత్సకు దీన్ని నిషేధించి, తర్వాత ఎత్తేశారు. గర్భం లేదని తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి.

ఇంజెక్షన్లు మెదడుతో పనిలేకుండా నేరుగా అండాశయం మీద పనిచేస్తాయి. హెచ్‌ఎంజీలో ఎఫ్‌ఎస్‌హెచ్‌తో పాటు అండం విడుదలకు తోడ్పడే ఎల్‌హెచ్ హార్మోన్ కూడా ఉంటుంది. ల్యాబ్‌లో తయారుచేసే రీకాంబినెంట్ రకంలో ఎఫ్‌ఎస్‌హెచ్ ఒక్కటే. ఫలితంలో పెద్ద తేడా లేదు, ఖర్చులో ఉంది. డోసు మాత్రం చికిత్సను బట్టి మారుతుంది: ఐయూఐకి (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే పద్ధతి) సాధారణంగా రోజుకు 37.5–75 యూనిట్లు, ఐవీఎఫ్‌కి (అండాలు బయటికి తీసి ల్యాబ్‌లో ఫలదీకరణ చేసే పద్ధతి) 150–300. ఐయూఐ నెలలో ఎక్కువ ఫాలికల్స్ పెరిగితే కవలలు, ముగ్గురు పిల్లలు కలిగే ముప్పు ఉంటుంది, అందుకే డాక్టరు ఆ నెల ఆపేస్తారు.

పొడి మందు వయల్ (చిన్న సీసా) కలిపేటప్పుడు ద్రావణాన్ని గోడ వెంట జారనివ్వాలి, ఊపకుండా అరచేతుల మధ్య దొర్లించాలి. రెండు మూడు వయల్స్ రాస్తే మొదటిదాంట్లో కరిగిన మందునే లాగి రెండోదాంట్లో, అలా మూడోదాంట్లో పోయాలి; మొత్తం 1 మి.లీ.కే సరిపోతుంది. ఒక్కోదానికి కొత్తగా నీళ్లు పోస్తే 3 మి.లీ. పొడుచుకోవాల్సి వస్తుంది! స్పిరిట్ ఆరాకే, బొడ్డుకు రెండు వేళ్ల దూరంలో, రోజుకో పక్కన పొడవాలి. ఇంజెక్షన్ పెన్నును ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్ గోడకు తగలనివ్వొద్దు, గడ్డకడితే పనికిరాదు.

ట్రిగ్గర్ (అండం విడుదల కోసం వేసే చివరి ఇంజెక్షన్) విషయంలో మాత్రం గడియారమే ముఖ్యం. హెచ్‌సీజీ (5,000 లేదా 10,000 యూనిట్లు) వేశాక సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. ఐవీఎఫ్‌లో అంతకు కాస్త ముందే అండాలు తీస్తారు. గంట ఆలస్యమైతే దాచకుండా చెప్పండి, అండాలు తీసే సమయం జరుపుతారు. పీసీఓడీలో ఫాలికల్స్ మరీ ఎక్కువైతే హెచ్‌సీజీ వల్ల పొట్టలో నీరు చేరొచ్చు. అప్పుడు దాని బదులు ట్రిప్టోరెలిన్ లాంటిది వేస్తారు. అది ముఖ్యంగా యాంటగోనిస్ట్ పద్ధతిలో (అండం ముందే విడుదల కాకుండా వేరే ఇంజెక్షన్లతో ఆపే ఐవీఎఫ్ పద్ధతి) పనికొస్తుంది. ఒక్క రోజులో కిలోకు మించి బరువు పెరిగినా, పొట్ట ఉబ్బి మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

తర్వాత ప్రొజెస్టరాన్, అంటే గర్భాశయం పొరను నిలబెట్టే హార్మోన్. యోనిలో పెట్టే 200–400 మి.గ్రా. రకం నేరుగా గర్భాశయానికి అందుతుంది. తెల్లగా కారేది మందును పట్టి ఉంచే పదార్థమే, డోసు పోయినట్టు కాదు. నూనె ఇంజెక్షన్ పిరుదులో గడ్డలు కట్టించొచ్చు. ఏ రకమైనా, చుక్క రక్తం కనిపించిందని సొంతంగా మానొద్దు. ఇది నెలసరిని ఆపి ఉంచగలదు కాబట్టి తేదీ దాటడం గర్భానికి గుర్తు కాదు. హెచ్‌సీజీ వేసిన పది పద్నాలుగు రోజుల్లోపు ఇంట్లో చేసే టెస్టులో రెండు గీతలు వచ్చినా ఆ ఇంజెక్షనే కారణం కావచ్చు. డాక్టరు చెప్పిన రోజున బీటా హెచ్‌సీజీ రక్తపరీక్షే చేయించుకోవాలి.