యాంకోవిచ్‌ని ఎక్కడ మొదలుపెట్టాలంటే

మాసాబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్‌లోనో, అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్లోనో యానిమేషన్ నేర్చుకుంటున్నవాళ్లు హంగరీ దర్శకుడు మార్సెల్ యాంకోవిచ్ పేరు వినగానే నేరుగా ఆయన 1981 నాటి ఫుల్ లెంగ్త్ సినిమా 'ఫెహేర్‌లోఫియా' (తెల్లగుర్రం కొడుకు) పెట్టేస్తారు, అరగంటకల్లా రంగులకి కళ్లు తిరిగి ఆపేస్తారు. అలా వద్దు.

ముందు 'సిసిఫస్' (1974). రెండే నిమిషాలు. తెల్లటి తెర, నల్ల గీత, బండని కొండెక్కిస్తున్న మనిషి ఆయాసం, ఇంకేం లేదు. దీనికే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మొదటిసారి మామూలుగా చూడండి, రెండోసారి సౌండ్ తీసేయండి, మూడోసారి యూట్యూబ్‌లో పాజ్ చేసి కామా, ఫుల్‌స్టాప్ కీలతో ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ గీత మందం ఒక్కటే గమనించండి. మనిషి బలం పెట్టినప్పుడు గీత లావెక్కుతుంది, పట్టు సడలితే సన్నబడుతుంది, ఒక్కోచోట ఒళ్లేదో బండేదో తెలీదు. ఓ పది ఫ్రేములు బ్రష్‌తో కాపీ చేయండి, ట్యాబ్లెట్ పక్కన పెట్టేసి. బరువు చూపించడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదని చేతికి తెలియాలి, చెవికి కాదు.

తర్వాత 'క్యూజ్‌డోక్' (1977). శిల్పి రాయిని చెక్కుతుంటే రాయి శిల్పిని చెక్కుతుంది. కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో షార్ట్ ఫిల్మ్ పామ్ డోర్, అంటే పొట్టి సినిమాలకిచ్చే పెద్ద బహుమతి, దీనిదే.

ఇప్పుడు 'ఫెహేర్‌లోఫియా' పెట్టండి, 2019 తర్వాత వచ్చిన రిస్టోర్డ్ ప్రింట్ దొరికితే అదే. ఏదో ఒకచోట ఆపి నల్ల ఔట్‌లైన్ ఎక్కడుందో వెతకండి. దొరకదు. బొమ్మని రంగే వేరుచేస్తుంది. పన్నెండు తలల డ్రాగన్ ఆకాశహర్మ్యాల నగరంలా ఉంటుంది, గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఆగి చూసేవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. 1973లో హంగరీ మొదటి ఫుల్ లెంగ్త్ యానిమేషన్ సినిమా 'యానోష్ విటేజ్' తీసిందీ ఈయనే, అది ఎప్పుడు చూసినా పర్లేదు.

మనిషి చరిత్రని యుగానికో ఘట్టంగా చెప్పే ఆయన సినిమా 'మనిషి విషాదం' మాత్రం ఒక్కరాత్రిలో లాగించకండి. 1988లో మొదలుపెడితే డబ్బులు దొరికినప్పుడల్లా ఒక్కో భాగం తీస్తూ 2011కి పూర్తిచేశాడు. నిడివి రెండున్నర గంటల పైమాటే. రోజుకో ఘట్టం చాలు, ఎందుకంటే కాలం మారిన ప్రతిసారీ బొమ్మ గీసే తీరే మారిపోతుంది, ఈజిప్టు ఘట్టం ఈజిప్టు గోడబొమ్మల్లా ఉంటుంది. దానికి ముందు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూసొస్తే ఇంకా మంచిది, స్కెచ్‌బుక్ మర్చిపోకండి.