హాలు మూలలో ఆటమూల: మూడు నుంచి ఐదేళ్ల పిల్లల కోసం

దీనికి వేరే గది అక్కర్లేదు. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో చాప పరిచేంత చోటు చాలు. గోడకు ఆనించి, బిడ్డ ఛాతీ ఎత్తు దాటని చిన్న అలమర పెట్టండి. అందులో ఒకసారికి ఐదారు రకాల వస్తువులే ఉంచాలి, అవీ మూతల్లేని బుట్టల్లో. ఉన్నవన్నీ కుమ్మరిస్తే పిల్లలు దేనిదగ్గరా కుదురుకోరు. మిగతావి అటకమీద పెట్టి పది రోజులకోసారి రెండు మార్చండి. ఇంకా ఇష్టంగా ఆడుతున్నదాన్ని మాత్రం కదపొద్దు.

మీట నొక్కితే ఒకే పాట పాడే బొమ్మ రెండు రోజుల ముచ్చట. అట్టపెట్టె అయితే ఇవాళ బస్సు, రేపు పొయ్యి. బేగంబజార్‌లో దొరికే చిన్న స్టీలు గిన్నెలు, గరాటా, పాత చున్నీ, బట్టల క్లిప్పులు, చింతగింజలతో మొదలుపెట్టొచ్చు. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే గింజలు వద్దేవద్దు. ముక్కులో దూర్చుకుంటారు, గొంతుకు అడ్డంపడొచ్చు. టాయిలెట్ పేపర్ చుట్ట లోపలి అట్టగొట్టంలోంచి జారిపోయే వస్తువేదైనా వాళ్లకు ప్రమాదమేనని గుర్తుపెట్టుకోండి.

పిండిముద్దకు రెండు కప్పుల మైదా, అరకప్పు ఉప్పు, రెండు టేబుల్ స్పూన్ల నూనె, రంగుకు చిటికెడు పసుపు కలిపి, ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా పిసకండి. నీళ్లన్నీ ఒకేసారి పోస్తే జిగురవుతుంది, అప్పుడు మైదా చల్లాలి. పగుళ్లొస్తే చెంచాడు నూనె. ఉప్పు పిండిని నిలవ ఉంచుతుంది కానీ గాలిలో తేమ పీల్చుకుంటుంది, అందుకే వానాకాలంలో ముద్ద చెమ్మగిల్లుతుంది. మూత బిగుతైన డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, వాసన మారితే పారేయండి. ఏదైనా నోట్లో పెట్టుకునే బిడ్డకైతే ఇంత ఉప్పు మంచిది కాదు, ఉప్పు లేని చపాతీ ముద్ద ఇచ్చి ఆట కాగానే తీసేయాలి.

నీళ్లాట బాల్కనీలో. టబ్బులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు, సన్నటి పొడుగు గ్లాసొకటి, వెడల్పాటి గిన్నె ఒకటి. అన్నే నీళ్లు గిన్నెలోంచి గ్లాసులోకి వంచితే “ఇప్పుడు ఎక్కువైనయ్!” అంటుంది నాలుగేళ్ల పిల్ల. దిద్దొద్దు. ఆ వయసు కళ్లకు ఎత్తే లెక్క. మళ్లీ గిన్నెలో పోసి చూసుకోనివ్వండి. ఎన్నోసార్లు వంచి చూసుకున్నాక, సాధారణంగా ఆరేడేళ్లకు, నీళ్లు అన్నేనన్న సంగతి తనకే తడుతుంది. టబ్బు దగ్గర బిడ్డను క్షణం కూడా ఒంటరిగా వదలకండి, ఆ కొద్ది నీళ్లలోనూ మునిగే ప్రమాదముంది. ఆట కాగానే నీళ్లు మొక్కలకు పోసేయండి.

ఇక అన్నిటికన్నా కష్టమైన పని పెద్దవాళ్లది: నోరు కట్టుకోవడం. పిల్లాడు కుర్చీలు వరసగా పెట్టి “కోఠి, కోఠి!” అని కండక్టరయ్యాడనుకోండి. “ఎన్ని కుర్చీలున్నయ్? ఇదేం రంగు?” అని అడిగితే బస్సు అక్కడే ఆగిపోతుంది, పరీక్ష మొదలవుతుంది. దానికి బదులు “మెహిదీపట్నానికి రెండియ్యి, ఒకటి చిన్నపిల్లది” అని టికెట్ తీసుకోండి. లెక్క, బేరం, మాట, ఎదుటివాళ్ల వంతు కోసం ఆగడం అన్నీ ఆ టికెట్‌లోనే ఉన్నాయి. వాడు పిలవకపోతే పక్కనే కూర్చుని చూడండి. తగాదా వస్తే వెంటనే తీర్పు చెప్పకండి, కొట్టుకునేదాకా వెళ్లకపోతే పదిదాకా లెక్కపెట్టుకోండి. చాలాసార్లు వాళ్లే తేల్చుకుంటారు.

గంటసేపు అడ్డులేని సమయం కావాలి. మొదటి పావుగంట వస్తువులు అటూఇటూ తిప్పడానికే పోతుంది, అసలు ఆట ఆ తర్వాతే అల్లుకుంటుంది. “బోర్ కొడుతోంది” అనగానే ఫోన్ చేతికిస్తే ఆ గంట అంతటితో సరి.

బతుకమ్మ రోజుల్లో తంగేడు, బంతి, గునుగు పూలు తెచ్చి ఏరడం, బతుకమ్మ పేర్చడం బిడ్డకే వదలండి. రంగుల వారీగా వేరుచేస్తుంది, పెద్ద వరుస కిందికి, చిన్నది పైకి రావాలని చేతులతోనే తెలుసుకుంటుంది. ఒకవైపు ఒరిగితే సరిచేయకండి.

పక్కింటి పిల్ల ఎల్‌కేజీలోనే అఆలు రాస్తోందన్న బెంగ సహజం. కానీ మూడు నాలుగేళ్లకు మణికట్టు ఎముకలే పూర్తిగా గట్టిపడవు. పిండి పిసికి, క్లిప్పులు నొక్కి బలపడ్డ వేళ్లకు పెన్సిల్ తేలిగ్గా లొంగుతుంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్లను పునాది దశగా ఒకటిగా చూసి, అక్కడ ఆటకే పెద్దపీట వేసింది. మీ ప్లేస్కూల్ రోజూ ఇంటిపని రాయిస్తుంటే ఈ మాట టీచర్‌తో నెమ్మదిగా మాట్లాడండి.

సర్దడం కూడా ఆటలో భాగమే. ఐదు నిమిషాల ముందే చెప్పండి, ఉన్నట్టుండి ఆపమంటే ఏడుస్తారు. ప్రతి బుట్టకూ అందులోని వస్తువు బొమ్మ గీసి అంటిస్తే, చదవడం రాని బిడ్డ కూడా దేని చోట దాన్ని పెడుతుంది.